హారన్ మోగని రోజు

మా పాత కారులో ఎయిర్‌బ్యాగ్ ఎర్ర లైటు వెలిగినప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. నేనసలే పిరికివాణ్ణి. బండి నడుపుతూ రోడ్డు కంటే ఆ లైటునే ఎక్కువ చూసేవాణ్ణి. పక్కన కూర్చున్న నా భార్యకు విసుగొచ్చి, నుదుటి బొట్టుబిళ్ళ తీసి దాని మీద అతికించింది.

"ఇగ కనబడదు. ముంగట చూసి నడుపు," అన్నది.

బిళ్ళ కింద అది వెలుగుతూనే ఉందని నాకు తెలుసు కదా.

మెకానిక్‌కు చూపిద్దామని నెల్లికుదురు నుంచి ఇద్దరం కేసముద్రం బయలుదేరాం. యాసంగి కోతల కాలం. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, అంచున రాళ్లు పేర్చారు. ఒక ముసలవ్వ మాకు వీపు పెట్టి కాళ్లతో వడ్లు తిరగేస్తోంది. ఎదురుగా బస్తాల ట్రాక్టర్ వచ్చింది. మిగిలిన సగం రోడ్డూ దానికే సరిపోయింది. హారన్ నొక్కాను. మోగలేదు. అరచేత్తో బాదాను. ఊహూఁ. బ్రేకు తొక్కి పట్టాను. కారు రాళ్లను తన్నుకుని, వడ్ల మీద జారుతూ పోయి, అవ్వ చేతికందేంత దూరంలో ఆగింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

ఎగిరిన వడ్లు కాళ్లకు తగిలి ఆమె వెనక్కి తిరిగింది.

"వడ్లన్నీ తొక్కిస్తివి గదరా. కండ్లు నెత్తికెక్కినయా?"

"హారన్ మోగుతలేదవ్వా, ఏమనుకోకు," అన్నది నా భార్య అద్దం దించి. అవ్వ బదులియ్యకుండా చెదిరిన వడ్లు దగ్గరికి తోసుకుంటూ పోయింది.

కేసముద్రంలో మెకానిక్ హారన్‌కు నేరుగా బ్యాటరీ తీగలు తగిలించాడు. అది ఊరంతా వినబడేలా అరిచింది.

"హారన్ మంచిగనే ఉంది. లైటు వెలిగి, హారన్ గూడ పోయిందంటే గడబిడ స్టీరింగ్‌లనే ఉంటదన్నా."

బ్యాటరీ విప్పి, కాసేపు ఆగి, స్టీరింగ్ మధ్యలోని ఎయిర్‌బ్యాగ్ మీద చెయ్యి వేశాడు. "జర దూరం జరుగు. గిది పేలితే ముఖం ఉండది," అన్నాడు. నేను రోడ్డు దాటి అవతల నిలబడ్డాను. నా భార్య నవ్వింది. నవ్వనీ, ఎవరి ప్రాణం వాళ్లకు తీపి.

లోపల, కొలతల టేపులా చుట్టి ఉన్న సన్నటి పట్టీ ఒకటి తెగి ఉంది. హారన్‌కూ, ఎయిర్‌బ్యాగ్‌కూ కరెంటు దాని మీదుగానే పోతుందట. అంటే పొద్దున ట్రాక్టర్‌కు గుద్దుకుని ఉంటే, ఆ సంచీ కూడా తెరుచుకునేది కాదు. ఆ మాట విన్నాక, ఎంతైనా సరే కొత్తది వెయ్యమన్నాను.

కొత్త పట్టీ వేశాక లైటు ఆరిపోయింది. నా భార్య బొట్టుబిళ్ళ పీకేసింది. తిరుగుదారిలో, ఇక భయం లేదన్న ధీమాతో, ఊరికే కూడా హారన్ కొడుతూ వచ్చాను.

వడ్ల దగ్గర అదే అవ్వ, అలాగే వీపు పెట్టి. దూరం నుంచే హారన్ కొట్టాను. తిరగలేదు. దగ్గరికొచ్చి గట్టిగా నొక్కి పట్టాను. పక్క చేనులో కొంగలు లేచిపోయాయి గానీ, ఆమె కాళ్లు వడ్లలో అట్లాగే కదులుతున్నాయి.

కారాపి, దిగి వెళ్లి భుజం మీద చెయ్యి వేశాను. ఉలిక్కిపడి తిరిగింది.

"నాకు చెవులు ఇనబడవు బిడ్డా," అన్నది. "బండ్లోల్లే సూసుకొని పోతరు."