సుగుణ రక్తం, రెండో కోత

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. ముత్తంగి దారిలో దయ్యం కనిపించిందని ఎవరైనా చెబితే, అది ఏ బస్సుకు దిగిందని అడిగి ఉడికించేవాణ్ణి. ఇది దయ్యం సంగతి కూడా కాదు. మరేమిటో నాకు తెలియదు.

డెబ్బైలలో పటాన్‌చెరు నుంచి రోజూ బస్సులో హైదరాబాదు వెళ్లి, ఒక పరిశోధనశాలలో టెక్నీషియన్‌గా పనిచేసేవాణ్ణి. రోగం సోకితే రక్తంలోని తెల్లకణాలు ఎలా మేల్కొంటాయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూసేవాళ్లం. కణాలను మందులో చంపి, జిగురుపోసి దిమ్మెగా గట్టిపరిచి, గాజుకత్తితో సన్నటి పొరలు కోయడం నా పని. నిద్రలో ఉన్న కణం చిన్నగా ఉంటుంది. మేల్కొన్నది ఉబ్బుతుంది.

పోల్చి చూడటానికి ఆరోగ్యంగా ఉన్నవాళ్ల రక్తం కావాలి. అడిగితే జనం ఆమడ దూరం పరుగెత్తేవారు. అందుకని మా చెల్లెలు సుగుణను తీసుకెళ్లాను. అమ్మానాన్నలు పోయాక మా కిరాణా దుకాణం నడిపేది తనే.

తన రక్తంతో దిమ్మె చేసి పొర కోశాను, వారానికి ఫోటోలు వచ్చాయి. కణాలన్నీ నిద్రలోనే ఉన్నాయి. నేను పెన్సిలుతో తన పేరు రాసి వేసిన చీటీ దిమ్మె లోపలే గట్టిపడి ఉంది.

తర్వాత కొన్నాళ్లకే సుగుణకు జ్వరం మొదలైంది.

"అన్నా, పానం మంచిగ లేదు. దవాఖానకు పోదామా?"

"నీ రక్తం నేనే సూసిన గదనే. ఏం లేదు. ఊకె పరేషాన్ గాకు."

నమ్మింది పిచ్చిది. నా మాట మీద రెండు వారాలు జ్వరంతోనే గల్లా దగ్గర కూర్చుంది. ఒక పొద్దున లేవలేకపోయింది. ఆసుపత్రిలో చేర్పిస్తే, టైఫాయిడ్ ముదిరి పేగుకు చిల్లు పడిందన్నారు. రెండు రోజుల్లో పోయింది.

దినాలయ్యాక పనికి వెళ్లాను. మొదటిసారి ఏదైనా చూడకుండా వదిలేశానేమోనని అదే దిమ్మె నుంచి కొత్త పొర కోశాను.

కణాలన్నీ మేల్కొని ఉన్నాయి. నిద్రలో ఉన్నది ఒక్కటీ కనిపించలేదు.

మా పెద్ద డాక్టరుగారు దగ్గరుండి ఇంకో పొర కోయించారు. అందులోనూ అంతే.

"దిమ్మెలు తారుమారైనయేమో, సూడు," అన్నారు.

లోపలి చీటీ చూపించాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని పేరు మళ్లీ చదివారు.

చచ్చి, జిగురులో గట్టిపడిన కణాలు మేల్కోవు. ఆ పనిలోనే తల నెరిసినవాణ్ణి, నాకు తెలుసు. పాత ఫోటో, కొత్త ఫోటో పక్కపక్కన పెట్టుకుని ఎన్నిసార్లు చూశానో. ఈ రోజుకీ అర్థం కాలేదు.

అర్థమైనది ఒక్కటే, అదే నన్ను తినేస్తోంది. తను అడిగిన రోజున నుదుటి మీద చెయ్యి వేసి చూసినా జ్వరం తెలిసేది. నేను వేయలేదు.