బ్లూస్ వీరేశం కోసం అశోక్ నగర్ దాకా

రాంనగర్ నుంచి అశోక్ నగర్‌కు నింపాదిగా నడిచినా అరగంట చాలు. నాకు ఆ ఆదివారం రెండు గంటలు పట్టింది, మధ్యలో మెట్రో కూడా ఎక్కాను. నా తర్వాత వెళ్లదలచినవాళ్లకు పనికొస్తుందని ఎక్కడ దారి తప్పానో దాచకుండా రాస్తున్నాను.

రాంనగర్‌లో నాది మిక్సీలు, కెటిళ్లు బాగుచేసే దుకాణం. ఇరవై ఏళ్లుగా ఈ చెవులకు మోటార్ల రొదే సంగీతం. అంతకుముందు గురువారం, ముప్ఫైకి దగ్గరపడ్డ మనిషి, వీరేశం అట, తన హాస్టల్ గదిలోని కెటిల్ పట్టుకొచ్చాడు. అతని ఫోన్‌లో ఒక ముసలి గొంతు, తోడుగా ఒకే ఒక్క గిటారు. ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ నా స్క్రూడ్రైవర్ ఆగిపోయింది.

"ఏందిది తమ్మీ?"

"బ్లూస్ అన్నా. అమెరికాల నల్లోళ్లు పత్తిచేన్లల్ల కష్టం చేసుకుంట కట్టుకున్న పాటలు."

కొత్తవాణ్ని, ఎవరితో మొదలుపెట్టాలో చెప్పమన్నాను. వరసగా పేర్లు రాసిస్తానన్నాడు. "ఆదివారం కెటిల్ తెచ్చియ్యి. నాలుగున్నరకు రూం ఖాళీ చేస్తున్న. అశోక్ నగర్ల చాయ్ బండి కాడ బ్లూస్ వీరేశం అంటే ఎవరన్న చెప్తరు." ఫోన్ నంబరు తీసుకోవాలని ఇద్దరికీ తోచలేదు. నాలుగున్నర దాటితే ఆ మనిషీ దొరకడు, ఆ పేర్లూ దొరకవు.

రెండున్నరకు కెటిల్‌ను సంచిలో వేసుకుని బయల్దేరాను. మూడు కాకముందే అశోక్ నగర్ చేరాను. అక్కడ ఆదివారానికి విలువ లేదు. చాయ్ తాగేవాళ్లు కూడా రెండో చేతిలో పుస్తకం తెరిచే ఉంచారు. నేనూ ఒక చాయ్ తీసుకుని, పక్కనున్న అమ్మాయిని అడిగాను.

"బ్లూస్ వీరేశం ఏడుంటడమ్మా?"

"గ్రూప్స్ వీరేశం సారా? ఇయ్యాల నారాయణగూడల డెమో క్లాస్ ఉన్నది. జల్ది పోండ్రి, సీట్లు దొర్కయ్."

బ్లూస్‌కు డెమో క్లాసు కూడానా అని మురిసిపోయాను. చిక్కడపల్లి స్టేషన్ దాకా నడిచి మెట్రో ఎక్కాను. కూర్చున్నానో లేదో నారాయణగూడ వచ్చేసింది.

హాలు నిండా జనం. ఇంతమంది బ్లూస్ వింటుంటే మా రాంనగర్ ఎంత వెనకబడిందో అనుకుని, బెంచీ మధ్యలో ఇరుక్కున్నాను. తెల్లచొక్కా సారు మైకు అందుకున్నాడు. గిటారు కోసం చూశాను.

"కాకతీయుల తొలి రాజధాని ఏది?" అన్నాడు. కాసేపాగి, "కాకతీయుల తొలి రాజధాని ఏది?" అని మళ్లీ అన్నాడు. తర్వాత, "హనుమకొండ. రాస్కోండి." ప్రతి ప్రశ్నా రెండుసార్లు, ఆపైన జవాబు. ఇది పాటకు ముందు ఉపోద్ఘాతం కాబోలు అని ఓపిక పట్టాను.

పక్కనున్న అబ్బాయి నా సంచిలోని కెటిల్‌ను చూసి, "అంకుల్, మీరు ఏ గ్రూపు?" అన్నాడు.

"బి పాజిటివ్."

"అది కాదు. గ్రూప్ వన్నా, టూనా?"

అది సర్కారు కొలువు పరీక్షల క్లాసని అప్పటికి వెలిగింది. గడియారం మూడూ నలభై. అటు ఐదుగురు, ఇటు ఐదుగురు, అందరి ఒళ్లో పుస్తకాలు, లేచి పోయే దారి లేదు. సారు వదిలేసరికి నాలుగు దాటింది. మళ్లీ చిక్కడపల్లిలో మెట్రో దిగి, ఈ వయసులో, కెటిల్ చంకన పెట్టుకుని పరుగెత్తాను. ఈసారి తెలివిగా "పాటలు వినే వీరేశం" అన్నాను. చాయ్ బండి అతను వెంటనే సందు చూపించాడు.

హాస్టల్ ముందు ఆటో ఆగి ఉంది. వీరేశం అందులో పుస్తకాల మూటలు సర్దుతున్నాడు. నన్ను చూసి, "రావనుకున్న అన్నా," అన్నాడు.

"మళ్ల ఎప్పుడొస్తవ్?"

"రాను. ఏడేండ్లు గ్రూప్స్‌కు చదివిన, చాలు. ఊర్ల మా బావది ఎరువుల దుకాణం, అండ్ల కూసుంట."

ప్రాక్టీసు జవాబు పత్రం వెనక ఏడు పేర్లు రాసి ఉంచాడు. అవి నా నోటికి ఇంకా తిరగవు, తప్పు రాసి వాళ్ల పరువు తీయను. అతను చెప్పిన పద్ధతి మాత్రం రాస్తాను. "దినానికి ఒక్కలనే ఇను. మొదలు గొంతును ఇను. రెండోసారి బొటనేలును ఇను, మొద్దు తీగ మీద ఒక్కతీర్గ నడుస్తనే ఉంటది. మూడో పేరాయన సీసా మెడను ఏలికి తొడుక్కొని తీగల మీద జారుస్తడు, దాన్ని ఆఖర్న ఇను."

"మాటలు సమజ్ కాకుంటే?"

"అల్కనే అన్నా. ఒక్కటే మాట రెండుసార్లు అంటరు. మూడోసారి అసలు సంగతి చెప్తరు." అని నవ్వుతూ పాడినట్టే అన్నాడు: "నోటిఫికేషన్ వస్తదన్నరు. నోటిఫికేషన్ వస్తదన్నరు. సామాను కట్టుకుంటున్న."

నాకు నవ్వు రాలేదు. నారాయణగూడ సారు గంటసేపు నాకు నేర్పిందీ ఇదేనని చెబుదామనుకునేలోపే అతను ఆటో ఎక్కి కూర్చున్నాడు. కెటిల్ అతని ఒళ్లో పెట్టాను. ఆటో కదిలింది.

తిరుగుదారిలో చిక్కడపల్లి మీదుగా నడిచాను. మొత్తం మీద మంచి ప్రయాణం. ఏడు పేర్లు జేబులో ఉన్నాయి, వాటిని నాకిచ్చిన మనిషి లేడు. ట్రాఫిక్ హోరులో ఇంటావిడ ఫోన్ చేసింది.

"ఏడున్నవ్ ఇంతసేపు?"

"కెటిల్ ఇచ్చొస్తున్న."

"ఆ? ఇనవడ్తలేదు."

"కెటిల్ ఇచ్చొస్తున్న."

"ఏందీ?"

"వీరేశం ఊరికి పోయిండు."