సూది గుచ్చుకోని రోజులు

ఆ పెద్దాసుపత్రిలో ఎవరిని కదిలించినా రంగులత్తయ్య గురించి ఒక కథ చెబుతారు. వాటిలో సగం కల్పితాలు. మిగతా సగం అసలు నమ్మేలా ఉండవు గానీ నిజాలు. ఒకసారి పెద్ద సర్జన్‌గారు అరటిపండు తిని, తొక్కను పసుపు డబ్బాలో పడేశారు. ఆవిడ పట్టకారుతో దాన్ని బయటికి తీసి, ట్రేలో పెట్టుకుని, ఆపరేషన్ థియేటర్ దాకా నడిచివెళ్ళి, "డాక్టరుగారూ, ఇది ఏ పేషెంటుదండీ?" అని వినయంగా అడిగింది. ఇది జరిగిందే. సర్జన్‌గారు ఇప్పుడు అరటిపండు ఇంట్లోనే తిని వస్తున్నారు.

ఆవిడ ఉద్యోగం ఆసుపత్రి చెత్త. చెత్తే కదా అని పెదవి విరిచేవాళ్ళను ఆవిడ దగ్గర ఓ పూట కూర్చోబెట్టాలి. రక్తం అంటిన దూది, కట్లు పసుపు సంచిలోకి. అవి ఊరిబయట కొలిమికి పోయి బూడిదవుతాయి. గొట్టాలు, గ్లౌజులు ఎర్ర సంచిలోకి. మందుసీసాలు నీలం డబ్బాలోకి. సూదులు, బ్లేడ్లు గట్టి మూత ఉన్న తెల్ల డబ్బాలోకి. ఒకదాంట్లోది ఒకదాంట్లో పడిందా, ఎక్కడో ఎవరి చెయ్యో తెగుతుంది. ఇరవై రెండేళ్ళుగా ఆవిడ కళ్ళల్లో వత్తులు వేసుకుని చూస్తున్నది అదే. రంగుల పేరు అలా వచ్చింది. అత్తయ్య అనేది నర్సులు తగిలించారు, ఆరాలు తీయడంలో, తప్పులు పట్టడంలో అంతటి మనిషి మరొకరు లేరని.

ఏడాదిన్నర కిందట ఆవిడ సొంత కోడలు అదే ఆసుపత్రిలో, కాన్పుల వార్డులో ఆయాగా చేరింది. "పాపం, ఇంట్లో చాలనట్టు ఇక్కడ కూడానా" అని వార్డంతా ఆ పిల్లమీద జాలిపడింది. జాలి అక్కర్లేకపోయింది. అత్త అంటే భయంలేని కోడలు అది. కానీ పాఠాలు మాత్రం తప్పలేదు. ఇంట్లో కంచం ముందు కూర్చుంటే చాలు, మొదలయ్యేవి.

"గ్లౌజు?"

"ఎరుపు."

"నెత్తుటి దూది?"

"పసుపు."

"సూది?"

"తెల్లడబ్బా. అత్తయ్యా, ఈ ముద్ద ఏ రంగు సంచిలో వేసుకోవాలో కూడా మీరే చెప్పండి."

వాళ్ళమధ్య అంతా ఇలాగే నడిచేది. కొడుకు లారీ తోలుతూ వారానికోసారి ఇంటికొస్తాడు. వచ్చినప్పుడు ఈ ఇద్దరి మధ్య నోరు తెరిచే సందు దొరకదతనికి.

ఒక్క విషయంలో మాత్రం అత్తాకోడళ్ళది ఒకటే దిగులు. పనివాళ్ళకు ఆసుపత్రిలో స్నానాల గది లేదు. పెరట్లో ఒక కుళాయి, దానికింద చేతులు కడుక్కోవడం, అంతే. ఆ బట్టల్తోనే, ఆ వాసనతోనే ఇంటికి రావాలి. నాలుగేళ్ళ మనవరాలు వీధి చివర వీళ్ళను చూడగానే పరుగెత్తుకొస్తుంది. ఇద్దరూ ఒకేసారి చేతులు అడ్డంపెట్టి "ఆగు, ఆగు, ముట్టుకోకు" అని అరుస్తారు. పిల్ల ఆగిపోతుంది. ఇద్దరూ ఒళ్ళు కడుక్కుని వచ్చేసరికి దానికి ఆ సంబరం ఉండదు. అత్తయ్యకు రోజులో అన్నిటికన్నా బాధ అక్కడే.

అలాంటి సమయంలో కొత్త సూపరింటెండెంట్ వచ్చింది. మంచి డాక్టరు, మంచి మనిషి. మంచివాళ్ళకే అప్పుడప్పుడు ఇలాంటి ఆలోచనలు వస్తాయి. చెత్తగది గోడకి ఓ నల్లబోర్డు పెట్టించింది. దానిమీద "సూది గుచ్చుకోని రోజులు" అని రాయించి, కింద అంకెకు చోటు వదిలింది. పనివాళ్ళలో ఎవరికీ సూది గుచ్చుకోకుండా ఏడాది నిండితే, వేడినీళ్ళతో సహా స్నానాల గది కట్టిస్తానంది. ఎవరికైనా గుచ్చుకుంటే గంటలోపు చెప్పాలి, జబ్బు అంటకుండా మందు వెంటనే మొదలుపెట్టాలి, బోర్డు మళ్ళీ సున్నా నుంచి. ఇవీ షరతులు.

అత్తయ్య ఆ బోర్డును సొంతబిడ్డలా సాకింది. పొద్దున్నే వచ్చి, పాత అంకె తుడిచి, కొత్తది వేసి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకునేది. వంద దాటినరోజు అందరికీ టీ తాగించింది. మూడొందలు దాటాక నర్సులు, లాబ్‌వాళ్ళు, ఆఖరికి సర్జన్‌గారు కూడా దారిలో ఆగి "ఎంతయిందత్తయ్యా?" అని అడగడం మొదలుపెట్టారు. బండి తోసే పొడుగాయనైతే గదికి తలుపు ఎటువైపు ఉండాలో కూడా తేల్చేశాడు.

మూడువందల అరవై ఒకటో రోజు పొద్దున పదిన్నరకి అత్తయ్య కాన్పుల వార్డు నుంచి వచ్చిన పసుపు సంచికి ముడి వేస్తోంది. సంచి మూతి దగ్గర, దూది కింద, లేతనీలం రంగులో ఏదో కనిపించింది. పట్టకారుతో దూది పక్కకి జరిపింది. గ్లౌజు. పసుపు సంచిలో గ్లౌజు. ఎవరో గడ్డి తిన్నారని ఒళ్ళు మండి పైకి లాగింది. లాగాక కోపం ఎక్కడిదక్కడే ఆగిపోయింది. గ్లౌజు బొటనవేలికి చిన్న చిల్లు. లోపలివైపు నెత్తురు చుక్క.

గ్లౌజు పసుపులో ఎందుకు పడుతుంది? తెలియనివాళ్ళు వేస్తే పడుతుంది. కానీ ఆ పూట కాన్పుల వార్డులో చెత్త చూసేది కోడలే, దానికి తెలియకపోవడమేమిటి? ఎర్ర సంచిలో వేస్తే ఆ గ్లౌజు అత్తయ్య బల్లమీదికి వస్తుంది. ప్రతి గ్లౌజునీ మందునీళ్ళలో నానబెట్టి, మళ్ళీ ఎవరూ వాడకుండా వేళ్ళు కత్తిరించేది ఆవిడే. చిల్లు ఆవిడ కళ్ళు దాటిపోదు. పసుపు సంచిలో వేస్తే ఎవరూ చూడరు, నేరుగా కొలిమికి పోతుంది. తెలియక వేసింది కాదు. అన్నీ తెలిసినవాళ్ళే వేశారు.

నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో ఆవిడ కళ్ళు ఒకసారి బోర్డువైపు వెళ్ళాయి. ఇంకా నాలుగు రోజులు. అంతే, ఒక్క చూపు. దానికి తర్వాత ఎన్నాళ్ళో సిగ్గుపడింది. అరవైకి దగ్గరపడిన మనిషి, మోకాళ్ళ నొప్పులున్న మనిషి, మెట్లు ఎక్కి కాన్పుల వార్డుకి ఎలా చేరిందో ఆవిడకే తెలియదు.

కోడలు మంచంమీద దుప్పటి మారుస్తోంది. అత్తను చూడగానే ఎడమచెయ్యి వెనక్కి పెట్టుకుంది.

"ఏదీ, చెయ్యి చూపించు."

"ఏం లేదత్తయ్యా."

"చూపించమన్నానా?"

కోడలు మెల్లగా చెయ్యి ముందుకు పెట్టింది. బొటనవేలి మీద ఆవగింజంత ఎర్రచుక్క.

"ఎప్పుడు?"

"ఎనిమిదిన్నరకి. కుట్లు వేసిన సూది దూదిలో ఉండిపోయింది, నేను చూసుకోలేదు. సబ్బుతో బాగా కడిగానత్తయ్యా."

"రెండు గంటలయింది. చెప్పవేం?"

"ఎలా చెప్పను? ఇంక నాలుగు రోజులే కదా. గది మీరెంత ఇదిగా..."

అత్తయ్యకు ఎంత కోపం వచ్చిందంటే ఏడుపొచ్చింది. "గది కోసం నిన్ను పోగొట్టుకుంటానటే? ఆ స్నానాల గదిలో ఏం చేసుకోనూ, కూర్చుని ఏడవనా?" అని, వార్డులో తల్లులందరూ నోళ్ళు వెళ్ళబెట్టి చూస్తుండగా, కోడలి జబ్బ పట్టుకుని క్యాజువాలిటీకి లాక్కుపోయింది.

అక్కడి డాక్టరమ్మ చేయాల్సినవన్నీ చేసింది. కోడలి రక్తం తీసింది. ఆ సూదితో కుట్లు వేసింది ఏ తల్లికో వార్డు పుస్తకంలో ఉంది కాబట్టి, ఆమె ఒప్పుకోగానే ఆమెకూ పరీక్ష చేశారు. ఈలోపు ఆగకుండా మందు మొదటి మోతాదు ఇచ్చేశారు. గంటలో ఫలితం వచ్చింది. ఆ తల్లికి ఏ జబ్బూ లేదు. కోడలికి కామెర్ల టీకా ముందే వేయించి ఉంది, చేరిన కొత్తలో చెవి మెలేసి తీసుకెళ్ళింది అత్తయ్యే. మందు ఇక అక్కర్లేదనీ, లెక్కప్రకారం మళ్ళీ ఒకటి రెండు పరీక్షలకు రమ్మనీ డాక్టరమ్మ చెప్పింది. అత్తయ్య ఆవిడ చెయ్యి పట్టుకుని వదల్లేదు. డాక్టరమ్మ ఇంకో రోగిని ఒంటిచేత్తో చూడాల్సి వచ్చేదే, కోడలే విడిపించింది.

అప్పుడు ఇద్దరూ చెత్తగదికి వచ్చారు. అత్తయ్య తడిగుడ్డ తీసుకుని మూడువందల అరవై ఒకటిని తుడిచేసింది. గుండ్రంగా, పెద్దగా సున్నా చుట్టింది. కోడలు తల దించుకుని నిలబడింది.

బండి దగ్గర నిలబడి ఇదంతా చూస్తున్న పొడుగాయన గొంతు సవరించుకున్నాడు.

"అత్తయ్యా, ఆ సున్నా నాకూ వర్తిస్తుంది."

"అంటే?"

"ఎండాకాలంలో. ఎముకల వార్డు సంచిలోంచి సూది, పిక్కలో. నూట పదో రోజు అనుకుంటా. నువ్వు టీ తాగించిన పది రోజులకి."

అత్తయ్య ఏదో అనబోయేలోపు తలుపు దగ్గరున్న లాబ్ ఆయా నీళ్ళు నమిలింది. తనకు రెండుసార్లట. అత్తయ్య అక్కడున్న స్టూలుమీద చతికిలబడింది. ఏడాదిపాటు తను రోజూ పొద్దున్నే ముచ్చటపడి రాసిన అంకె ఉత్త అబద్ధమని, దాన్ని కాపాడటానికి తన మనుషులు ఒక్కొక్కరూ ఒంటరిగా భయాన్ని మింగారని, ఆవిడకి అప్పుడు అర్థమైంది. లేచి, ఇద్దర్నీ ముందు పరీక్షలకు తోలింది, వీపు విమానం మోత మోగుతుందని బెదిరించి మరీ. ఇద్దరికీ ఏమీ లేదని సాయంత్రం తెలిసింది. పొడుగాయన ఆ సంతోషంలో పరుగెత్తి బండిని గోడకి గుద్దాడు.

సున్నా సంగతి ఆసుపత్రంతా పాకి, సూపరింటెండెంట్ మర్నాడు పొద్దున్నే దిగివచ్చింది. అత్తయ్య అప్పటికే బోర్డు పైన రాసింది తుడిచేసి, ఇంకోటి రాసి పెట్టింది. "గుచ్చుకుంటే చెప్పినవాళ్ళు" అని, కింద మూడు.

"ఇదేంటత్తయ్యా?" అంది సూపరింటెండెంట్.

"మీరేమనుకోకండి మేడం. మీరు మంచికే పెట్టారు. కానీ ఆ బోర్డు ఉన్నన్నాళ్ళూ మావాళ్ళు సూదికన్నా అంకెకు ఎక్కువ భయపడ్డారు. ఈ అంకె పెరిగితే నాకు ధైర్యం. ఎవరూ దాచట్లేదని తెలుస్తుంది."

"మరి గది?"

"గది బహుమతి ఏంటి మేడం? ఒళ్ళు కడుక్కోవడానికి పోటీ ఏంటి? మేం మీ వార్డుల నెత్తురే మోస్తున్నాం కదా."

సూపరింటెండెంట్ బల్లమీది సుద్దముక్క తీసుకుని, మూడును వేలితో చెరిపి, నాలుగు వేసింది.

"నాది," అంది, ఎటో చూస్తూ. "హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు. మా ప్రొఫెసర్ తిడతారని చెప్పలేదు. ఆర్నెల్లు రోజూ రాత్రి భయపడుతూనే పడుకున్నాను. ఏమీ కాలేదనుకో. ఇప్పటిదాకా మా ఆయనకి కూడా తెలియదు."

పొడుగాయన టోపీ తీసేశాడు, ఎందుకో అతనికే తెలియదు. కోడలు ముందుకొచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుంది. అత్తయ్య మాత్రం సున్నితాలు తెలియని మనిషి కదా, ఆవిడ్ని కిందనుంచి పైదాకా చూసి, రోజూ వార్డుల్లో ఎలా అడుగుతుందో అలాగే అడిగింది.

"ఎన్నేళ్ళయింది?"

"పద్దెనిమిది."

"గంటలోపు చెప్పాలని రూలు పెట్టింది మీరేనండీ. బాగా లేటు."

సూపరింటెండెంట్ నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. ఆ నవ్వు కోడలికి అంటుకుంది, అక్కణ్ణుంచి అందరికీ. ఆ గదిలో అంతమంది కలిసి నవ్వడం అదే మొదటిసారి. సోమవారం స్నానాల గదికి కొలతలు తీసుకోవడానికి మేస్త్రీ వచ్చాడు.