కుక్కర్ల సైరన్

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. సర్కారుకు చెవులు బాగానే ఉన్నాయి, మేమే సరిగ్గా చప్పుడు చేయడం లేదు అని. అప్పుడే డిగ్రీ అయిపోయి, నిజామాబాద్‌లో ఒక బట్టల దుకాణంలో చీరలు మడతపెడుతూ, రోజూ బస్సులో బోధన్ దగ్గరి మా ఊరికి తిరిగొచ్చేదాన్ని. (చీరలు మడతపెట్టేవాళ్లకు ఆలోచించడానికి బోలెడంత తీరిక.) అప్పటికే మా చక్కెర ఫ్యాక్టరీ మూతపడింది. దాంతోపాటే సైరన్ కూడా. బాయిలర్ దగ్గర పనిచేసిన మా బాపు సైరన్‌కు లేచి, సైరన్‌కు తిని బతికిన మనిషి. అది ఆగాక తనకు ఆకలయిందో లేదో మా అవ్వనే అడిగేవాడు. (మా దగ్గర నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలుస్తాం.)

ఫ్యాక్టరీని మళ్లీ నడపొచ్చా లేదా అని చూడటానికి హైదరాబాద్ నుంచి పెద్ద ఆఫీసరు వస్తున్నాడని తెలిసింది. ధర్నాలు చేసి చేసి మా వాళ్ల గొంతులు ఎప్పుడో పోయాయి. వాడకట్టు ఆడవాళ్లను కూర్చోబెట్టి నా ఉపాయం చెప్పాను.

"సైరన్ బంద్ జేసిండ్రు గదా, మనమే కొడదాం. అందరు కుక్కర్లు పట్టుకొని గేటు కాడికి రాండ్రి. సారు కారు దిగంగనే అన్ని ఒక్కసారి కూతపెట్టాలె."

"ఉత్త నీళ్లు పోసి పెట్టాల్నా?" అంది పక్కింటి లావక్క. "గ్యాస్ ఉత్తగ కాలితే నా పాణం ఒప్పది. నేనైతే పప్పు పెడ్త."

మా ఉద్యమం దారి తప్పింది అక్కడే.

ఆ రోజు గేటు ముందు స్టవ్వులు పెట్టుకొని, అందరం లావక్కలాగే పప్పో బియ్యమో కుక్కర్లకెక్కించి కూర్చున్నాం. "సారు ఎడపల్లి దాటిండట!" అని ఎవరో అరవగానే మంటలు పెంచాం. (దాటింది సారు కాదు, సారుకు ఎదురుపోతున్న పోలీసు జీపు.) కుక్కర్లన్నీ కలిసి కూశాయి. ఆ చప్పుడుకు ఆఫీసరు రాలేదు గానీ బాపు వచ్చాడు. ఖాకీ చొక్కా తొడుక్కొని, చేతిలో టిఫిన్ డబ్బాతో. ఆడవాళ్లు గొల్లున నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

"బాపూ, గివి కుక్కర్లే" అన్నాను.

"నాకెర్కే బిడ్డా. కాళ్లకే ఎర్కలేదు" అన్నాడు, గేటు తాళం వైపు చూస్తూ.

డబ్బా తెరిస్తే ఖాళీ. లావక్క అందులో పప్పన్నం పెట్టింది. బాపు గేటుకు ఆనుకొని, డ్యూటీలో ఉన్నట్టే గబగబా తిన్నాడు. ఉడికింది చల్లారనివ్వడం ఎందుకని మేమూ తిన్నాం. ఆఫీసరు దిగేసరికి గ్యాస్ లేదు, కుక్కర్లలో పప్పు అడుగుకొచ్చింది, మేమంతా విస్తళ్ల ముందు ఉన్నాం.

"ఏం దావత్ అమ్మా ఇది?" అన్నాడు. లావక్క ఆయనకూ వడ్డించింది. అడిగి మరీ మళ్లీ పెట్టించుకున్నాడు. నేను సైరన్ సంగతి ఎత్తబోతే, "పప్పు చాలా బాగుంది" అని కారెక్కాడు. తాళం అట్లాగే ఉండిపోయింది.

బాపు ఇప్పుడు లేడు. మా వంటింట్లో కుక్కర్ కూసినప్పుడల్లా, ఫ్యాక్టరీని ఈలలతో లేపాలనుకున్న ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వుకుంటాను. వినాల్సినవాళ్లు వినలేదు. విన్న ఒక్క మనిషికి ఇవ్వడానికి మా దగ్గర పప్పే ఉంది. అది తలుచుకుంటే బాధేస్తుంది, స్టవ్ కట్టేస్తాను.