గీతదాకా నీళ్లు

దోబ్రింకా డ్యూటీ దిగి ఇంటికి రాగానే బూట్లు విప్పదు. లిఫ్టు పనిచేయని ఆ భవనంలో నాలుగంతస్తులెక్కి, రొప్పుతూనే వెళ్లి ముందుగదిలోని అక్వేరియం చూస్తుంది. అద్దం మీద నల్లసిరాతో గీసిన గీత ఒకటుంది. నీళ్లు దానికి దిగువన ఉంటే తెల్ల డబ్బాలోంచి మంచినీళ్లు పోస్తుంది. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు తొట్టెలోనే ఉండిపోతుంది. పక్కనున్న నీలం డబ్బాలోవి ఉప్పు కలిపిన నీళ్లు. నెలకోసారి పాత నీళ్లు తీసి మార్చేటప్పుడే వాటితో పని.

ప్లేవెన్ ఊళ్లో తెల్లవారకముందే లేచి ట్రాలీబస్సు నడిపే మనిషికి ఇది రెండో డ్యూటీ. తొట్టె కొన్నది ఆమె భర్త కామెన్. ఆరేళ్ల కిందట ఇంకొకామెతో వర్నా ఊరికి వెళ్లిపోతూ తొట్టెనూ, తల్లి త్సోనానూ ఇక్కడే వదిలేశాడు. చేపలు పోయాయి. మెత్తటి పగడాలు పోయాయి. హీటరు చెడిన చలికాలాన్ని కూడా ఓర్చుకుని మిగిలింది పిడికిలంత ఆకుపచ్చ రాతిపగడం ఒక్కటే. చూడ్డానికి రాయే గానీ, పైన పల్చటి కండతో బతికే సముద్రజీవి అది.

"రాయికి నీళ్లు పోసి పెంచే కోడల్ని నిన్నే చూశానమ్మా," అనేది త్సోనా కుర్చీలోంచి.

"రాయి కనీసం నోరెత్తదు అత్తయ్యా."

ఫిబ్రవరిలో డిపోలో సగంమందికి జ్వరాలొచ్చి, వాళ్ల డ్యూటీలు కూడా దోబ్రింకా మీద పడ్డాయి. ఒకరోజు అన్నం కూడా తినకుండా, ఊరవతల పగడాలు పెంచే రద్కోకి ఫోన్ చేసింది.

"వచ్చి తీసుకుపో తమ్ముడూ. ఇక నావల్ల కాదు. ఆయన వదిలేసినవాటిని నేనెన్నాళ్లు మొయ్యాలి?"

"సరే అక్కా, నెలాఖరు శనివారం వస్తా."

వంటింట్లో కాల్చిన లావు మిరపకాయల తొక్క తీస్తున్న త్సోనా చేతులు ఆగాయి. ఆమె ఇటు తిరగలేదు.

మర్నాటి నుంచి దోబ్రింకా వచ్చేసరికి నీళ్లు గీతదాకా ఉండేవి. చలికి ఆవిరి తగ్గిందనుకుంది. అంతకుమించి ఆలోచించే ఓపిక లేదు. పదోరోజున చూస్తే పగడం ముడుచుకుపోయి, ఒకపక్క తెల్లగా ఎముకలా రాయి బయటపడింది. ఉప్పు కొలిచే గొట్టంలో చుక్క వేసి కిటికీ వైపు పెట్టి చూసింది. ముప్పై అయిదు ఉండాల్సింది నలభై ఉంది. నీలం డబ్బా మూత తీసింది. అడుగున నాలుగు వేళ్ల నీళ్లు మిగిలాయి.

"అత్తయ్యా, ఇందులోంచి పోసింది మీరేనా?"

"ఉప్పునీళ్లు తగ్గితే ఉప్పునీళ్లేగా పోస్తారు? ఆమాత్రం నాకు తెలీదా?"

"చంపేశారు కదా!"

త్సోనా మొహం పాలిపోయింది. "నీకు పని తగ్గిద్దామనుకున్నా. పని తగ్గితే ఇచ్చెయ్యవేమోనని."

"మీకెందుకా రాయి? ఆరేళ్లుగా తిడుతూనే ఉన్నారుగా!"

"అది పోతే, వాడు వదిలేసినవాటిల్లో ఇంక మిగిలేది నేనేగా? నన్నెవరొచ్చి పట్టుకెళ్తారు? రద్కో దగ్గర నాకూ ఒక తొట్టె ఉందా?"

దోబ్రింకా బూట్లతోనే సోఫాలో కూలబడింది. ఫోన్లో తను 'వదిలేసినవాటిని' అన్నది గుర్తొచ్చింది.

"మిమ్మల్ని ఇస్తానన్నా ఎవరు తీసుకుంటారు, ఆ నోటితో?" అంది.

"అదీ నిజమే," అని త్సోనా ముక్కు తుడుచుకుంది.

ఉప్పు ఒక్కసారిగా దించితే పగడం బతకదు. రోజుకొక్క అంకె చొప్పున దించాలి. అయిదు రోజులపాటు దోబ్రింకా తొట్టెలోంచి కాసిని ఉప్పునీళ్లు తోడేసింది, త్సోనా జగ్గుతో మంచినీళ్లు పోసింది. పోసే ముందు ప్రతిసారీ "తెల్ల డబ్బాయేగా?" అని అడిగేది. శనివారం రద్కో వచ్చి, వంగి చూసి, "ఇప్పుడు కదిలిస్తే పోతుందక్కా," అన్నాడు. "కదిలించొద్దులే," అంది దోబ్రింకా. అతను కాఫీ తాగి వెళ్లిపోయాడు.

పగడం మీద ఆ తెల్లమచ్చ పూడలేదు, దానికి నాచు పట్టింది. లిఫ్టు ఇంకా బాగుచేయలేదు. నీళ్లు త్సోనాయే పోస్తుంది. దోబ్రింకా ఇంటికి రాగానే బూట్లు విప్పుతుంది.