కవర్లో పేడ చూసి మందిచ్చే భాయ్

మా పక్క మందుల షాపు భాయ్ పోయినాడు. పొద్దున్నే నేను మొదటి వాయి ఇడ్లీ దించుతుంటే వాళ్ల తమ్ముడు వచ్చి, "అన్న రాత్రి నిద్దర్లోనే పోయినాడక్కా, ఇవాళ షాపు తియ్యం" అని చెప్పినాడు. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు నాకు తోచిన మాట చెబితే మీరు నన్ను తిట్టుకుంటారు. ఇంక నా కొట్టు ముందుకి పేడ కవర్లు రావు అనుకున్నా.

కతేందో చెప్తా. విడవలూరులో మాది టిఫిను కొట్టు. దాన్ని ఆనుకునే ఆయన షాపు. మనుషులకి మందులమ్మే షాపే అది. కానీ మా వైపు జనం సంగతి తెలిసిందే కదా. గేదె బేదులై పారుకున్నా, మేక పారుకున్నా, రొయ్యల గుంటల కాడ కాపలా కుక్క పారుకున్నా నేరుగా మందుల షాపుకొచ్చి, "బేదులు కట్టే మాత్రలు ఒక షీటు ఇవ్వన్నా" అంటారు. వేరే షాపులోళ్లయితే చించి ఇచ్చేస్తారు. ఈయన మాత్రం "మనిషికా, పశువుకా?" అని అడిగేవాడు. పశువుకంటే మాత్ర లేదు. "ఏం పోతావుందో కవర్లో పట్టుకురా, చూద్దాం" అనేవాడు.

తెచ్చేవాళ్లు కూడా. అదీ నా ఖర్మ. ఇక్కడ నేను చట్నీ వడ్డిస్తుంటే అక్కడ ఆయన కవరు ముడి విప్పి, వెలుతుర్లో పెట్టి, పుల్లతో కెలికి, వాసన కూడా చూసేవాడు. థూ, తల్చుకుంటే ఇప్పటికీ వాంతికొస్తుంది. తినేవాళ్లు ప్లేట్లు వదిలేసి లేచిపోయేవాళ్లు. "సిగ్గుందా భాయ్, అన్నం తినే చోట ఇదేం పని?" అని అరిచేదాన్ని. "లోపల ఏం జరుగుతుందో ఇదే కదా చెప్పేది చెల్లెమ్మా" అని నవ్వేవాడు. నెత్తురుందా, జిగురుందా చూసి, పశువుల డాక్టరుకి ఫోన్లో చెప్పి, ఆయన ఏమంటే అది చేయించేవాడు.

"బేదులు ఆగినంత మాత్రాన జబ్బు పోయినట్టు కాదు. లోపలి పాడంతా బయటికి పోతుంటే దారి మూసేస్తే కడుపులోనే కుళ్లుద్ది" అని వచ్చినోళ్లందరికీ చెప్పేవాడు. కుక్కలకయితే డాక్టర్లే ఒక్కోసారి ఆ మాత్ర రాస్తారంట. అదీ బరువు చూసి, జాతి చూసి. కొన్ని జాతులకి అది తలకెక్కి మత్తుగా పడిపోతాయంట. పిల్లులకీ, పాలు తాగే పసి కూనలకీ, నెత్తురు పడేవాటికీ మన సొంతంగా వెయ్యనే కూడదు. ఆవులకీ గేదెలకీ మేకలకీ పేగులు కదలడం ఆగితే పొట్ట ఉబ్బి చస్తాయి. ఇవన్నీ నేను పార్సిళ్లు కడుతూ విన్నవే.

మా గేదె ఈనిన కొత్తల్లో దూడ పారుకుంది. ఆ గేదె పాలతోనే మా కొట్లో టీ, మజ్జిగ. దూడ మూతి పెట్టందే అది పాలు చేపదు, దూడ పోతే పాలూ పోయినట్టే. తెల్లగా నీళ్లలాగా పోతుంటే ఆ కంపు వెనక సందులోంచి కొట్లోకి కొట్టింది. నాకు రెండు పూటలు అన్నం సయించలా. మా ఆయన భాయ్‌ని మాత్ర అడిగితే కవరు తెమ్మన్నాడు. మా ఆయనకి మండి, ఇంకో షాపులో షీటు కొనుక్కొచ్చి, నలిపి బెల్లం ముద్దలో పెట్టినాడు.

ఆ రోజు శుక్రవారం. భాయ్ ఉతికిన తెల్ల బట్టలేసుకుని, అత్తరు పూసుకుని నమాజుకి పోతా మా సందులోకి తొంగిచూసినాడు. గబగబా వచ్చి, ఆ ముద్ద దూడ నోట్లో పెట్టబోతున్న మా ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"వదులు భాయ్. దూడ నాది."

"నీదే. అందుకే చంపుకోవద్దంటున్నా."

దూడ మెడ మీద తోలు పట్టి లాగి వదిలినాడు. ఆ తోలు సర్దుకోకుండా మడతగా అట్నే నిలబడింది. "చూడు, వంట్లో నీళ్లు లేవు దీనికి" అని షాపు మళ్లీ తీసి, ఉప్పూ చక్కెరా కలిపిన పొడి ప్యాకెట్లు తెచ్చినాడు. డాక్టర్ని ఫోన్లో అడుగుతా, కాచి చల్లార్చిన నీళ్లలో కలిపి, పాలపీక సీసాతో కొంచెం కొంచెంగా పట్టించినాడు. తాగతా తాగతానే అది వెనక్కి తిరిగి తోక లేపింది. గుండెల కాడ్నుంచి మోకాళ్ల దాకా ఆ తెల్ల బట్టలన్నీ కంపు. నేను చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని దూరంగా జరిగినా.

అంతలోనే మసీదులో పిలుపు వినబడింది. ఆ బట్టలతో నమాజుకి పోకూడదు. "ఇంటికి పోయి నీళ్లు పోసుకో భాయ్, టైముంది" అన్నా.

"నేనట్టా పోతే మీ ఆయన ఇట్టా మాత్ర వేస్తాడు" అన్నాడు. ఆ మనిషి జుమ్మా నమాజు తప్పడం నేను చూసింది అదొక్కసారే.

డాక్టరు వచ్చేసరికి జనం మసీదు నుంచి తిరిగొస్తున్నారు. సూది వేసి, కడుపులో పురుగులకి మందిచ్చి, "ఆ బెల్లం ముద్ద మింగుంటే దక్కేది కాదు" అన్నాడు. ఒకట్రెండు రోజులకి దూడ లేచి పొదుగు కుమ్మింది, గేదె చేపింది.

రేపట్నుంచి మిగతా షాపులోళ్లు వచ్చినోళ్లకి వచ్చినట్టు, మనిషికా పశువుకా అని అడక్కుండా షీట్లు చించి ఇస్తారు. వాళ్ల చేతులకి మట్టి కూడా అంటదు. నాకు ఆ చేతుల్ని చూస్తేనే ఎక్కువ రోత.

మధ్యాహ్నం భాయ్ ఇంటికి పోయినాను. కడిగి, కొత్త తెల్లగుడ్డలో చుట్టి, ముఖం మాత్రం కనబడేట్టు పడుకోబెట్టినారు. గదంతా అత్తరూ కర్పూరమూ. నాకు మాత్రం ఆ శుక్రవారం చొక్కా కంపే తగిలింది. ఆ కంపు పీల్చుకుంటానే ఆయన కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చినాను.