తాడు కట్టుకుని ఈదినవాడు

ముప్పై మూడేళ్ళు ఒక ఉత్తరం నా దగ్గరుంది. మొన్నటిదాకా. అది నాది కాదు. మా పుట్టిల్లు కనకాలపేటలో, మా వీధి పోలమ్మ పిన్నికి ఆవిడ కొడుకు సత్తిబాబు యుద్ధంలోంచి రాయించిన ఉత్తరం. పెళ్ళయి యానాం వచ్చేటప్పుడు చీరల అడుగున పెట్టి తెచ్చుకున్నాను. చించేద్దామని ఎన్నిసార్లు బయటికి తీశానో. ఒకసారి పొయ్యి దాకా తీసుకెళ్ళాను కూడా. చేతులు రాలేదు. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలియక్కర్లేదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పుడు నాకు పదిహేడేళ్ళు. పదో తరగతి ప్యాసై ఇంట్లో ఉన్నాను. మా వీధిలో ఎవరికి ఉత్తరం వచ్చినా చదివిపెట్టేది నేనే. పోలమ్మ పిన్ని చేపల బుట్ట అరుగు కింద దించి, చెయ్యి కడుక్కుని, కొంగుతో శుభ్రంగా తుడుచుకుని అప్పుడు కవరు నా చేతికిచ్చేది. పదిమంది చేరేవాళ్ళు. చదివాక "నీ కాడే ఉంచు బుల్లీ, నా కాడుంటే తడిసిపోద్ది" అనేది. అలా అవన్నీ నా దగ్గరే ఉండిపోయాయి.

సత్తిబాబుకి సంతకం వరకే చదువు. అతను చెప్తుంటే, అతనితో పాటు మిలటరీలో చేరిన మా వీధి కుర్రాడే రాసేవాడు. ఆ కుర్రాడి పేరు రాయను. ఇప్పుడాయన చాలా పెద్దవాడు. ఊరు దాటి, జిల్లా దాటి, ఢిల్లీలో పదవులు చేశాడు. అప్పట్లో మాత్రం గోదారి గట్టు మీద నిలబడి నీళ్ళకి ఉపన్యాసాలిచ్చే ఇరవై రెండేళ్ళవాడు. ఎప్పటికైనా ఈ ఊళ్ళో తన పేరు మైకులో వినపడాలనేవాడు. మిలటరీకి వెళ్ళింది కూడా అందుకే. వీధంతా నవ్వేది. నేను నవ్వలేదు. అతనంటే నాకు పిచ్చి. ఈ వయసులో దాచుకుని ఏం చేస్తాను?

బంగ్లాదేశ్ యుద్ధం రోజుల్లో వచ్చిందా ఉత్తరం. రాత అతనిది, మాటలు సత్తిబాబువి. ఏదో ఏరు దాటుతుంటే పడవ తిరగబడిందట. సత్తిబాబు నడుముకి తాడు కట్టుకుని, సుడి ఎటు లాగుతోందో చూసుకుని, అడ్డంగా ఈదుకెళ్ళి అవతలి ఒడ్డున చెట్టుకి కట్టాడట. ఆ తాడు పట్టుకుని అందరూ ఒడ్డెక్కారట. తన స్నేహితుడు నీళ్ళు మింగి ములిగిపోతుంటే జుట్టు పట్టుకుని లాక్కొచ్చాడట. ఆ ముక్క ఆ స్నేహితుడే తన చేత్తో రాశాడు. అప్పటికతను ఉన్నదున్నట్టు రాసే మనిషే.

నేను ఇద్దర్నీ తారుమారు చేసి చదివాను: ఈదినవాడు అతను, ములిగినవాడు సత్తిబాబు.

చదువుతూ కల్పించాను కూడా. తాడు నడుముకి కాదు, పళ్ళతో కరిచిపట్టి ఈదాడన్నాను. అరుగు కింద ఎవరో అబ్బో అన్నారు. నాకు ఒళ్ళు పులకరించింది. పోలమ్మ పిన్ని మాత్రం బుట్ట ఎత్తుకోకుండా అలాగే నిలబడిపోయింది. "గోదాట్లో పుట్టినోడు. ఏట్లో ములిగిపోయాడా?" అంది, ఎవరితోనో కాదు, తనలో తనే. వచ్చే ఉత్తరంలో సర్దేద్దాం లెమ్మనుకున్నాను. వచ్చే ఉత్తరం రాలేదు. టెలిగ్రాం వచ్చింది. బాంబు పడి సత్తిబాబు పోయాడు.

సత్తిబాబు సామాన్ల పెట్టె పట్టుకుని అతనొక్కడే తిరిగొచ్చాడు. ఆ సాయంత్రం గట్టు మీద నన్ను ఆపాడు.

"ఉత్తరం చదివింది నువ్వే కదా?"

"నేనే."

"నేనలా రాయలేదే."

"తెలుసు. తప్పు చదివానని ఇప్పుడే వెళ్ళి పిన్నికి చెప్పనా?"

నీళ్ళకేసి తిరిగాడు. "పొద్దున బజార్లో నన్ను చూసి అందరూ లేచి నిలబడ్డారు" అన్నాడు. తర్వాత, "సత్తిగాడు ఎలాగూ లేడు కదా" అన్నాడు.

నేను తలూపాను. దానికి ప్రతిఫలంగా నన్ను చేసుకుంటాడనుకున్నానా? అనుకునే ఉంటాను. అతనింకెక్కడో పెద్దింటి పిల్లని చేసుకున్నాడు. నన్ను చేసుకున్నాయన మంచివాడు, ఆయన్నీ సగం మోసమే చేశాను. నేను బళ్ళో పంతులమ్మనయ్యాను. పిల్లల చేత తప్పుల్లేకుండా చదివించడమే నా ఉద్యోగం. నవ్వొస్తోంది కదూ? రేవులో వలలు బాగుచేసుకుంటూ సత్తిబాబు ఈత గురించి నవ్వుకునేవాళ్ళని ఎన్నోసార్లు విన్నాను. పోలమ్మ పిన్ని వాళ్ళ పక్కనుంచి తలెత్తకుండా వెళ్ళేది. పిల్లాడు పోయిన దుఃఖం వేరు, ఇది వేరు. ఈ రెండోది నేనిచ్చింది.

పోయిన నెల ఆ ఢిల్లీ పెద్దమనిషికి యానాంలో సన్మానం. రెండ్రోజుల పాటు ఆటోలో మైకు పెట్టి వీధులన్నీ తిప్పారు. పళ్ళతో తాడు కరిచిపట్టి ఏరు ఈదిన వీరుడట. నా మాట. నా నోట్లోంచి ఊడిపడ్డ మాట నా గుమ్మం ముందునుంచే వెళ్ళింది. సభలో పోలమ్మ పిన్ని చేత దండ వేయించారు. ఎనభై దాటిందావిడకి. దండ వేసి, ఆయన చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకుంది. తన బిడ్డని లాగిన చెయ్యట. ఇప్పుడైనా చెప్తాడని చూశాను. మైకు తీసుకుని మళ్ళీ అదే కథ చెప్పాడు. సిగ్గులేని దాన్ని, ఆ గొంతు ఇంకా నాకు బాగానే ఉంది.

మర్నాడు పొద్దున్నే ఉత్తరం తీసుకుని కనకాలపేట వెళ్ళాను. ఆవిడ గుమ్మంలో కూర్చుని, ఉన్నది ఉన్నట్టు చదివాను. "మళ్ళీ సదువు" అంది. చదివాను. మూడోసారి కూడా చదివించుకుంది. "ఈదేడన్నమాట నా కొడుకు" అంది. తర్వాత నాకేసి చూసి, "ఎందుకే బుల్లీ?" అంది.

ఉత్తరం నా చేతిలోంచి తీసుకుని, బొడ్లో దోపుకుని లోపలికెళ్ళిపోయింది. ఉండమనలేదు, పొమ్మనలేదు. ఎండెక్కేదాకా మెట్టు మీద కూర్చుని వచ్చేశాను.

ఆవిడకివ్వలేని జవాబు మీకిస్తున్నాను. అతని పేరు పైకి పలకాలనిపించింది. అంతే. పెళ్ళికాని పిల్ల పరాయి మగాడి పేరు పదిమందిలో ఎలా పలుకుతుంది? ఉత్తరంలో ఉంటే పలకొచ్చు. నీళ్ళు మింగినవాడిగా కాదు, ఈదినవాడిగా, గొంతెత్తి, ఒకటికి నాలుగుసార్లు. ఆ నాలుగుసార్లకోసం ఒక తల్లి ముప్పై మూడేళ్ళు తల దించుకుని నడిచింది.

ఇప్పటికీ ఆ పేరు చెవిన పడితే చేతిలో పని ఆగిపోతుంది. ఇది రాస్తుంటే కూడా ఎన్నిసార్లు రాయబోయానో. రాయను. ఆ రోజు నేను పలకాల్సిన పేరు అది కాదు. ఏరు ఈదింది సత్తిబాబు. పోలమ్మ కొడుకు సత్తిబాబు.